నీళ్ళు తాగకుండా తాండూరుదాకా

వికారాబాదు నుంచి తాండూరుకు ప్యాసింజరు బండిలో గంటన్నర ప్రయాణం. దీన్ని కూడా యాత్ర అంటారా అని మావారు నవ్వారు. కాశీకి పోయివచ్చినవాళ్ళు కాశీ గురించి రాసుకుంటారు. నేను రెండేళ్ళు ఇల్లు కదలకుండా ఉండి, ఆ తరువాత తాండూరు పోయివచ్చాను కాబట్టి తాండూరు గురించి రాస్తున్నాను. నాలాంటి జబ్బుతో, నాలాగే గడప దాటడానికి జంకేవాళ్ళు ఎవరైనా ఈ దారిన పోవలసి వస్తే నాలుగు ముక్కలు పనికివస్తాయని ఆశ.

జబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు చక్కెర జబ్బు వచ్చి ఏడేళ్ళయింది. మావారు తాలూకా కచేరీలో గుమాస్తా. కచేరీ కాగితాలకంటే ఎక్కువ శ్రద్ధగా రోజూ పొద్దున గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచి రంగు చూస్తారు. నీలం నీలంగానే ఉంటే ఆయన ముఖం విప్పారుతుంది. ఆకుపచ్చకు తిరిగితే ఫరవాలేదు. పసుపు కూడా దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే ఆ రోజు నాకు అన్నం తగ్గుతుంది, ఉపన్యాసం పెరుగుతుంది. ఆ తరువాత సూది. ఇదంతా మా వాడకట్టులో అందరికీ తెలిసిందే.

నేను దాచింది రెండోది. రెండేళ్ళుగా మూత్రం ఆగడం లేదు. దగ్గినా, వంగినా, బిందె ఎత్తినా, ఒక్కోసారి ఏమీ చెయ్యకుండా కూర్చున్నా జారిపోతుంది. ముట్లుడిగి నాలుగేళ్ళయినదాన్ని మళ్ళీ పాత చీరలు చింపి మడతలు పెట్టుకోవలసి వచ్చింది. మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాండూరులో ఇచ్చిన మా ఒక్క కూతురు సుశీలకు కూడా చెప్పలేదు. రమ్మని రాసినప్పుడల్లా ఏదో ఒక వంక రాసేదాన్ని.

ఇంకో విచిత్రం ఉంది. ఈ జబ్బు వచ్చిన దగ్గరనుంచి నాకు నీళ్ళ కలలే. వెడల్పాటి చెరువు, అందులో నడుము లోతున నేను, గోరువెచ్చటి నీళ్ళు, ఎక్కడా అలికిడి లేదు. అంత సుఖం మెలకువలో ఎప్పుడూ ఎరగను. కళ్ళు తెరిచేసరికి పక్క తడిసి ఉంటుంది. అందుకని ఆ చెరువంటే నాకు ఇష్టమూ, భయమూ.

కొత్త పైసలు వచ్చి ఒకటి రెండేళ్ళయిన రోజులవి. కార్తీకంలో సుశీల ఉత్తరం వచ్చింది. వాళ్ళ మామకు నాపబండల వ్యాపారం. స్టేషను దగ్గర కొత్త ఇల్లు కట్టారు. ఇల్లు చొచ్చే రోజున తల్లి వచ్చి కూతురి ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోయాలి, అది మా వైపు ఆనవాయితీ. సుశీల రెండే ముక్కలు రాసింది. "నువ్వు రాకుంటే ఒడిబియ్యం ఎవరితోనూ పోయించుకోను. ఉత్త ఒడితోనే కొత్తింట్లకు పోత." ఆ ఉత్తరం మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. నాలుగో రోజున ఐదు శేర్ల బియ్యానికి పసుపు కలిపాను.

ముందురోజు సాయంత్రం దీపాలవేళ నుంచి నీళ్ళు మానేశాను. ఇది తప్పని డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. "నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గదమ్మా, జబ్బు పెరుగుతుంది" అని ఆయన మాట. నేను తల ఊపుతాను, ఇంటికి వచ్చి నా పద్ధతే నాది. తెల్లవారి ఐదున్నరకు రంగు చూశాం, పసుపు. ఆరింటికి సూది, అరగంట ఆగి జొన్నరొట్టె, గోంగూర పప్పు. రొట్టె గొంతు దిగనంది. అయినా చెంబు ముట్టలేదు.

ఏడూ ఇరవైకి స్టేషనులో ఉన్నాం. అనంతగిరి గుట్టలు మంచులో సగం కనిపించీ కనిపించక ఉన్నాయి. టిక్కెట్టు ధర అడగకండి, ఆ లెక్కలు మావారివి. ఆయన నన్ను ఆడవాళ్ళ పెట్టె ఎక్కించి, బియ్యం సంచీ నా కాళ్ళ దగ్గర పెట్టి, "రెండు పెట్టెల అవతల ఉంట, ఫికర్ చెయ్యకు" అని పోయారు. బండి ఏడూ నలభైకి కదిలింది.

ఎక్కగానే మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవడం నాకు అలవాటు. పెట్టె చివర ఉంది. తలుపుకు అడ్డంగా మాత్రం తొమ్మిది గంపల సీతాఫలాలు. గుట్టల నుంచి తాండూరు సంతకు తీసుకుపోతున్నారు. పండ్ల పక్వపు వాసన పెట్టె అంతా నిండింది. తినకూడని పండు, చేరలేని తలుపు, తాగకూడని నీళ్ళు. నా పక్షాన ఎవరూ లేరనిపించింది.

నా ఎదుట బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. నల్ల బురఖా ముఖం మీదనుంచి వెనక్కు వేసుకుంది, ఒడిలో మట్టి సురాహి, దాని మెడకు సత్తు గ్లాసు బోర్లించి ఉంది. పేరు చాంద్‌బీ అట. నవాబుపేట దగ్గర పల్లె. తాండూరులో చెల్లెలికి జ్వరమని తెలిసి చూడబోతోంది.

"మేకలున్నయమ్మా ఇంటికాడ. రేపు పగటి బండికే వాపస్ రావాలె" అంది.

బండి పల్లంలోకి దిగుతుంటే కంది చేలు మొదలైనాయి. మంచు పల్చబడే కొద్దీ పసుపు పూలు ఒక్కొక్క మడి చొప్పున బయటపడుతున్నాయి. నా నాలుక అట్టగట్టింది. కళ్ళ ముందు చేలు కొంచెం ఊగినట్టుంది. కంది చేల మీద గాలి పోతుంటే అది నాకు నీళ్ళలాగే కనిపించింది, ఒడ్డు లేని పసుపు నీళ్ళు. పెదవులు తడుపుకున్నానేమో, చాంద్‌బీ చూసింది. గ్లాసు కడిగి, సురాహి వంచి నిండా పోసి నాకు చాపింది.

"తాగు అమ్మా. పెదవులెండిపోయినయ్. సల్లగున్నయ్ నీళ్ళు."

ఆ గ్లాసు మీద చెమ్మ పట్టి ఉంది. ఒక చుక్క జారి ఆమె వేలి మీదికి దిగింది. ఎంత దాహమో చెప్పలేను. "వద్దమ్మా" అన్నాను.

"జర తాగు."

"వద్దు, నాకు వద్దు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నా నుదుటి బొట్టు చూసింది. కాళ్ళ దగ్గర పసుపు మరక అంటిన బియ్యం సంచీ చూసింది. ఏమనుకుందో నాకు అర్థమైంది. గ్లాసు వెనక్కు తీసుకుని ఆ నీళ్ళు తనే నెమ్మదిగా తాగి, సురాహి మీద మళ్ళీ బోర్లించింది.

"సరే అమ్మా. ఎవల పద్ధతి వాళ్ళది" అంది. కోపం లేదు ఆ మాటలో. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

అది కాదు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ అది కాకపోతే మరేమిటో చెప్పాలి కదా. నేను కిటికీ వైపు తిరిగాను. నాకు నా మీదే అసహ్యం వేసింది.

ధారూరులో రెండు నిమిషాలు ఆగింది, ఎనిమిదీ పది. నిద్రపోకూడదని గట్టిగా అనుకున్నాను. బండి ఊపు, ఎండ, ఖాళీ గొంతు, ఆ పండ్ల వాసన అన్నీ కలిసి నన్ను లాగేశాయి. చెరువు వచ్చింది. ఈసారి దాని ఒడ్డున సీతాఫలం చెట్లు, నీళ్ళలో సురాహి తేలుతోంది, అందుకోబోతే దూరం జరుగుతోంది. నేను నవ్వుకుంటూ దాని వెనక పోతున్నాను. ఎక్కడా తొందర లేదు. బండి గట్టిగా కుదిపితే కళ్ళు తెరిచాను. రుక్మాపూర్. మడతలు తడిసిపోయాయి. చీరకు ఇంకా రాలేదు, కానీ ఇంకొంచెం సేపట్లో వస్తుంది.

లేచి తలుపుదాకా పోయాను. గంపల దగ్గర కూర్చున్న పండ్లామె ఎగాదిగా చూసింది. "జర ఆగమ్మా, తాండూరొచ్చె. గిప్పుడు గంపలు జరిపితే పండ్లన్ని కింద వడి పగుల్తయ్." బతిమాలుకోవడానికి కారణం చెప్పాలి. చెప్పలేక వచ్చి నిలబడ్డాను, కూర్చోలేదు. చాంద్‌బీ ఒకసారి తలెత్తి చూసింది. బహుశా తన ఎదుట కూర్చోవడం కూడా నాకు ఇష్టం లేదనుకుందేమో. ఒక వాగు వంతెన దాటాం. కింద నిజమైన నీళ్ళు, సన్నగా, ఎండలో తళతళా పారుతున్నాయి. తొమ్మిదీ పదికి తాండూరు.

తాండూరు మొన్నమొన్నటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. అందుకని స్టేషను బయట టాంగావాడు గుర్రంతో కన్నడంలో, మాతో తెలుగులో, మావారితో బేరం వచ్చేసరికి ఉర్దూలో మాట్లాడాడు. దారి పొడవునా బండలే. గోడలు బండలు, అరుగులు బండలు, మురుగు కాలువ మీద మూతలు బండలు. నీలి బూడిద రంగు కొన్ని, మీగడ రంగు కొన్ని. రాత్రి మంచు ఇంకా ఆరక వాటి మీద ఆకాశం లేతగా కనబడుతోంది. అలసటవల్ల కావచ్చు, ఊరంతా నీటి మీద కట్టినట్టు తోచింది నాకు.

వాళ్ళింకా ఉంటున్న పాత ఇంటి గుమ్మంలోనే సుశీల నన్ను చుట్టుకుంది. నేను వెంటనే విడిపించుకున్నాను, వాసన వస్తుందేమోనని. దాని ముఖం చిన్నబోయింది. దాని అత్త నాగమ్మ మనిషి దిట్టం, గొంతు ఇంకా దిట్టం. వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం వదినె అనుకుంటాం. "వదినెకు తోవ దొరికింది రెండేండ్లకు!" అని పెరడుదాకా వినబడేటట్టు అంది.

స్నానం వంకతో పెరట్లోకి పోయి మడతలు ఉతికాను. అక్కడ కొత్త ఇంటి నేలకు వేయగా మిగిలిన నాపబండలు గోడకు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి. వాటి వెనక గుడ్డలు ఆరవేసి, పైన నా తువాలు కప్పాను. ఎవరి కంటా పడకుండా దాచినందుకు నాకు తృప్తిగా కూడా ఉంది. ఆ పూట గుక్కెడు మజ్జిగ తప్ప తాగలేదు. పెందరాళే పడుకున్నాను.

మర్నాడు ఏడున్నరకు స్నానం చేసి వచ్చేసరికి లోపలి గదిలో నా సంచీ లేదు. వెతికితే బయటి అరుగు మీద ఉంది. దాని పక్కన ఒక చాప, ఒక చెంబు, ఒక విస్తరి. కాసేపు నాకు బోధపడలేదు. నాగమ్మ వాకిట్లో, నన్ను తాకనంత దూరంలో నిలబడి మెల్లగా మాట్లాడింది. మెల్లగా మాట్లాడడం ఆమెకు రాదు, అయినా ప్రయత్నం చేసింది.

"వదినె, నీ తప్పేం లేదు తియ్. ఒళ్ళు మన చెప్పుచేతల్ల ఉంటదా? మూడొద్దులు గీడ కూసో. ఒడిబియ్యం నా తోడికోడలు పోస్తది."

తువాలు కింద గుడ్డలు చూశారన్నమాట. దాచి ఆరవేసే గుడ్డ ఏదో ఇంటింటా ఆడవాళ్ళకు తెలుసు. నేను బయట చేరానని అనుకున్నారు. దాచడమే నన్ను పట్టిచ్చింది.

నిజం చెబుతున్నాను, మొదట హాయిగా అనిపించింది. ముట్టు అయితే సిగ్గేముంది? అవునని తలూపి చాప మీద కూర్చుంటే చాలు. వంగనక్కరలేదు, పదిమందిలో నిలబడనక్కరలేదు. నా సంగతి ఎవరికీ తెలియదు. చాప మీద కూర్చున్నాను కూడా.

అప్పుడు సుశీల వచ్చింది. కొత్త చీర కట్టింది. అదీ దూరంగానే నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు.

"రెండేండ్ల సంది రాలేదు నువ్వు. ఉత్తరం రాస్తే ఏదో ఒకటి అడ్డం. వచ్చినంక దగ్గరికి తీస్కుంటలేవు. ఇయ్యాల జూస్తె గిట్లాయె. నామీద ఏం కోపమమ్మా నీకు? నేనేం జేసిన్నో జెప్పరాదు?"

రెండేళ్ళు నేను మూత్రం దాస్తున్నాననుకున్నాను. ఈ పిల్ల దాన్ని కోపమనుకుంది. నిన్న రైల్లో ఆ పెద్దావిడ అంటు అనుకుంది. వీళ్ళు ముట్టు అనుకున్నారు. ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"ముట్టు కాదు బిడ్డా" అన్నాను. గొంతు ఎండి మాట సరిగా రాలేదు. మళ్ళీ అన్నాను, నాగమ్మకు వినబడేటట్టే. "ముట్టు ఎప్పుడో బందైంది. నాకు ఒంటికి ఆగుతలేదు. చక్కెర బీమారితోని గిట్లయింది. దగ్గితే పోతది, వంగితే పోతది. పక్కల గూడ పోతది. గా గుడ్డలు దానికే. నీ ఇంటికొస్తే నీ అత్తగారోళ్ళ ముందట నీ ఇజ్జత్ పోతదని రాలే. నీ మీద నాకేం కోపం బిడ్డా!"

సుశీల వచ్చి నా పక్కన చాప మీద కూలబడి మెడ పట్టుకుంది. ఈసారి నేను విడిపించుకోలేదు. నాగమ్మ మాత్రం నిలబడ్డచోటునుంచి కదలలేదు. నా ప్రాణం ఆమె నోట్లో ఉంది.

"ముట్టు కాదంటవు గద?" అని అడిగింది.

"కాదు వదినె."

"అయితే మళ్లొకసారి తానం జెయ్యి. కాగుల నీళ్ళున్నయ్." రెండడుగులు పోయి వెనక్కు తిరిగింది. "ఆరుగుర్ని గన్న. తుమ్మితె నాకూ గంతే. ఎవలకు జెప్పుకుంట? నీది చక్కెర, నాది తుమ్ము." తన మాటకు తనే నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. ఆపుకోలేక ఇద్దరం నవ్వి, ఇద్దరం ఒక్కసారే "అయ్యో" అన్నాం. ఆమెకు కూడా రెండో స్నానం తప్పలేదు.

ముహూర్తం పదింటికి. కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి వంగి పోయాలి, వంగడమే నాకు గండం. నేను అడగకుండానే నాగమ్మ పెరట్లోని బండలు కొత్తింటికి మోయించి నడి ఇంట్లో ఒకదాని మీద ఒకటి పేర్పించింది. వాటి మీద పీట, పీట మీద సుశీల. నేను నిటారుగా నిలబడి పోసేటంత ఎత్తు వచ్చింది. పేరంటానికి వచ్చిన ఒకావిడ ఇదెక్కడి పద్ధతి అని ఆశ్చర్యపోయింది.

"మా దిక్కు గింతే. బండలోళ్ళం గదా" అంది నాగమ్మ, కన్నార్పకుండా. ఆవిడ, చూడ ముచ్చటగా ఉంది, మా ఇంట్లోనూ ఇట్లాగే చేస్తాం అంది. ఇప్పటికి తాండూరులో ఎన్ని ఇళ్ళలో కూతుళ్ళు బండలెక్కారో నాకు తెలియదు.

సుశీల కొంగు పట్టింది. దోసిట్లో పసుపు బియ్యం తీసుకుని పోశాను. కొత్త నేల మీద కిటికీ వెలుగు పడి, గది అంతా లేత పసుపుగా కదులుతోంది. నాలుగు దోసిళ్ళు సవ్యంగా పడ్డాయి. ఐదోది పోస్తుండగా కొంచెం జారింది. తెలిసింది. గుడ్డ ఉంది, చెయ్యి ఆపలేదు. సుశీల నా కళ్ళలోకే చూస్తోంది. చివరి గింజ దాకా పోశాను.

భోజనాలయ్యాక మూడూ యాభైకి స్టేషను. నాగమ్మ నాకు రెండు గుమ్మడికాయలు, ఒక పాత మెత్తటి చీర ఇచ్చింది. చీర ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. బండి నాలుగూ పదికి. ఆడవాళ్ళ పెట్టెలో గంపలు లేవు. మరుగుదొడ్డి తలుపు పక్క బల్లే ఖాళీగా ఉంది. పోయేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, పొద్దుటి బండి కంటే ఈ బండి మేలు.

చాంద్‌బీ నాలుగో కిటికీ దగ్గర ఉంది. నన్ను చూసి, గుర్తుపట్టి, సురాహిని మర్యాదగా అవతలి పక్కకు జరిపింది. నేను పోయి ఆ పక్కనే కూర్చున్నాను.

"చాంద్‌బీ అమ్మా, జర నీళ్ళియ్యు" అన్నాను.

ఆమె కదలలేదు. "నిన్న వద్దంటివి?"

చెప్పాను. రెండోసారి చెప్పడం అంత కష్టం కాలేదు. బండి చప్పుడుకు కొంచెం గట్టిగానే చెప్పవలసి వచ్చింది, వెనక బల్లవాళ్ళు కూడా విని ఉంటారు. చాంద్‌బీ చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"యా అల్లా! గింత దానికి నోరు గట్టుకున్నవా అమ్మా? నేనేమో పోయి మా చెల్లెకు జెప్పిన. వికారాబాదు అమ్మ ఒకామె ప్రాణం బోతున్నా మన చేతి నీళ్ళు ముట్టలేదని. అది జ్వరంల గూడ పరేషానయింది." సురాహి వంచుతూ తల ఊపింది. "గిప్పుడు దానికేం జెప్పాలె నేను?"

కిటికీ అవతల కంది చేల మీద సాయంత్రపు ఎండ వెనక్కు పారుతోంది. ఆ గ్లాసు ఎత్తి ఆపకుండా తాగాను. నీళ్ళు చల్లగా, కొంచెం మట్టివాసనతో, గొంతులోంచి కడుపుదాకా దిగడం తెలిసింది. ఒట్టు, నా చెరువులో కూడా అంత సుఖం లేదు.

"రెండు గ్లాసులు తాగిందని జెప్పు" అని గ్లాసు మళ్ళీ చాపాను.